తాయమ్మ ఇంగిలీసు

రాజారత్నానికి ఎద్దులతో మాట్లాడేటప్పుడు నత్తి రాదు. గుళ్లో పాట పాడేటప్పుడూ రాదు. మనుషులతో మాట్లాడేటప్పుడే వస్తుంది. అదీ కొన్ని అక్షరాల దగ్గరే. 'ర' దగ్గర, 'బ' దగ్గర, 'ప' దగ్గర మాట దిగబడిపోతుంది, ఇసక వంకలో బండి దిగబడినట్టు. పెదాలు కదులుతాయి. మెడ నరం లేస్తుంది. మాట మాత్రం రాదు.

అతని పేరే 'ర'తో మొదలు. కొత్తవాళ్లెవరైనా "నీ పేరేందప్పా?" అని అడిగితే తల్లి వైపు చూసేవాడు. తల్లి తాయమ్మ చెప్పేసేది. పేరొక్కటే కాదు, అన్నీ ఆమే చెప్పేసేది. చిన్నప్పుడు బడిలో పిల్లలు "ర్ర ర్ర రత్నం" అని వెంటపడేవాళ్లు. వాళ్లు నవ్వేలోగా మాట తానే పూర్తిచేసేస్తే ఇక నవ్వడానికి ఏమీ మిగలదని ఆమెకు తోచింది. అప్పుడు పట్టుకున్న అలవాటు. కొడుక్కి మీసాలొచ్చి, ఊరి నాయుడి బండి తోలుకుని చిత్తూరు మండీకి బెల్లం వేసుకుపోతున్నా ఆ అలవాటు పోలేదు. అతను "అమ్మా, రే..." అంటే చాలు, "రేపు మండీకి పోవాల్నా? సరేలే, పెందరాళే లేపుతా" అనేది. అతను చెప్పబోయింది రేపటి సంగతి కాకపోవచ్చు. రేగుపళ్ల సంగతి కావచ్చు. అయినా తల ఊపేవాడు. తల ఊపడం సులువు.

వాళ్లది చిత్తూరికి పడమట చిన్న పల్లె. ఊరి చివర పెంకుల గుడి, దాని చుట్టూ క్రైస్తవుల ఇళ్లు. మొగుడు పోయినాక తాయమ్మ మిషనాస్పత్రిలో ఆయాగా చేరింది. రోజూ బస్సులో పోయి వచ్చేది.

ఊళ్లో అందరూ రత్నానికి ఒకటే చెప్పేవాళ్లు. "నిదానం రా, నిదానంగా సెప్పు." మంచికే చెప్పేవాళ్లు. కానీ చెప్పేవాళ్లెవరూ నిదానంగా ఉండేవాళ్లు కాదు. ఒక కాలు అప్పటికే అవతల పెట్టి చెప్పేవాళ్లు. ఆ మాట వినపడగానే రత్నానికి గొంతు ఇంకా బిగుసుకుపోయేది. రాను రాను ఆ మాటంటేనే గిట్టకుండా పోయింది. తాయమ్మ ఇంట్లో ఆ మాట అనడం మానేసింది. కూర నిదానంగా ఉడకనీ అని కూడా అనేది కాదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తెల్లదొరసాని. తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకుంది. పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లను కడుపునొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే, చచ్చిపోయిన ఆవు దగ్గర మొదలుపెట్టేవాళ్లు. మధ్యలో దారి తప్పి, దొరసాని మొహం చూసి బెదిరి ఆగిపోయేవాళ్లు. అప్పుడు డాక్టరమ్మ కలం కింద పెట్టేది. "టేక్ యువర్ టైమ్" అనేది. వాళ్లకు ఆ మాట అర్థమయ్యేది కాదు. అయినా బిగిసిన భుజాలు కిందికి దిగేవి. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

తాయమ్మ బేసిన్లు తుడుస్తూ ఆ భుజాలు దిగడం చూసింది. ఒకరోజు చూసి ఊరుకుంది. రోజూ చూసేసరికి ఊరుకోలేక నర్సు కమలమ్మను అడిగింది.

"అమ్మణ్ణీ, డాట్రమ్మ అంటాదే, టేక్ యువర్ టైమ్ అని. అదేం మందు?"

"మందు కాదు తాయమ్మా, మాట."

"మాటేలే. పనిచేస్తా ఉండాదే, అందుకని అడిగినా."

కమలమ్మ నవ్వింది. "తొందరేం లేదు, నీకు ఎంతసేపు కావాల్నో అంతసేపు తీసుకో అని."

"అంటే నిదానం అనే కదా?" తాయమ్మ మొహం వాడిపోయింది.

"అట్లాంటిదే. కానీ ఇంకా మెత్తగా ఉంటుంది."

మెత్తగా ఉండటం తాయమ్మకు నచ్చింది. అంతకంటే నచ్చింది ఇంకొకటి. ఆ మాట ఊళ్లో ఎవరికీ రాదు. ఆ మాటతో రత్నాన్ని ఎవరూ ఎప్పుడూ కసరలేదు, ఎగతాళి చేయలేదు. పొయ్యి ఎక్కని కొత్త కుండలా ఉంది. బేసిన్లు తుడిచినంతసేపూ నోట్లోనే అనుకుంటూ నేర్చుకుంది.

యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక పెద్ద డ్రమ్ము, అందులో నిప్పు. ఆ నిప్పు సన్నగిల్లితే బస్సు ఆగిపోయేది. క్లీనరు దిగి చక్రం తిప్పి గాలి కొట్టాలి. ఆ సాయంత్రం మిట్ట ఎక్కలేక బస్సు ఆగింది. డ్రైవరు దొరస్వామి మసి మొహంతో దిగి క్లీనర్ని తిడుతున్నాడు. లోపల జనం దొరస్వామిని తిడుతున్నారు. తాయమ్మకు జాలేసింది. కిటికీలోంచి తల బయట పెట్టింది.

"అప్పా, టేక్ యువర్ టైమ్" అంది.

దొరస్వామి మద్రాసులో పనిచేసి వచ్చినవాడు. కాస్త ఇంగిలీసు తెలుసు. తలెత్తి చూశాడు.

"ఏమ్మే, ఎగతాళా? నువ్వు దిగి తిప్పు సూద్దాం!"

"ఎగతాళి కాదప్పా. మా డాట్రమ్మ అట్లే అంటాది."

"ఆమె అంటే అంటాదిలే. ఆమెకు కారుండాది."

బస్సంతా నవ్వింది. తాయమ్మ తల లోపలికి తీసుకుంది. మాట మంచిదే, తాను పెట్టిన చోటు మంచిది కాదేమో అనుకుంది.

ఇంటికి పోయేసరికి రత్నం ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చి గడపలో కూర్చున్నాడు. పక్కింటి కుప్పమ్మ నిప్పు కోసం వచ్చి నిలబడి ఉంది.

"అమ్మా, ఈ పొద్దు మండీలో బ... బ..."

"టేక్ యువర్ టైమ్" అంది తాయమ్మ.

రత్నం ఆశ్చర్యపోయాడు. "ఏంది?" అన్నాడు, ఎక్కడా తట్టుకోకుండా.

ఆమె అర్థం చెప్పింది. రత్నం ఆ మాటను నోట్లోనే తిప్పుకుని నవ్వాడు. చాన్నాళ్లకు నవ్వాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"మండీలో బ... బ..."

తాయమ్మ ఊపిరి బిగబట్టింది. కుప్పమ్మ కాలు మార్చి నిలబడింది. రత్నం మెడ నరం లేచింది. కళ్లు మూసుకున్నాడు. ఆ మెడ నరం చూస్తూ తాయమ్మ ఓర్చుకోలేకపోయింది.

"బస్తాలు తడిసినాయా?" అంది.

రత్నం కళ్లు తెరిచాడు. తల ఊపలేదు. "టయిమిస్తివి. మళ్లా నువ్వే లాక్కుంటివి" అన్నాడు. లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు. కొట్టంలోంచి అతని గొంతు వినపడుతూనే ఉంది, నీళ్లు పారినట్టు. మండీలో ఏం జరిగిందో ఎద్దులకు చెబుతున్నాడు. తాయమ్మ గోడకు చెవి పెట్టబోయి మానుకుంది. అదేమిటో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

కొన్నాళ్లకు ఆస్పత్రిలోనూ తప్పు చేసింది. నొప్పులతో ఉన్న ఒక ఆడమనిషిని బండిలో తెచ్చారు. డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వస్తోంది. వేణ్ణీళ్ల బేసిను పట్టుకున్న తాయమ్మ మర్యాదగా పక్కకు తొలగి, "టేక్ యువర్ టైమ్, డాట్రమ్మా" అంది. కమలమ్మ నాలిక కరుచుకుంది. డాక్టరమ్మ ఆగలేదు.

బిడ్డ పుట్టి, ఏడ్చి, తల్లి పక్కలో పడుకున్నాక డాక్టరమ్మ చేతులు కడుక్కుని తాయమ్మను పిలిచింది.

"కూర్చోండి తాయమ్మా. నేను పరుగెత్తుచున్నప్పుడు మీరు నాతో ఒక మాట అన్నారు."

"తప్పా అమ్మా?"

"మాట తప్పు కాదు. చెప్పిన మనిషి తప్పు. ఎవరు కాచుకొని ఉన్నారో వారే ఆ మాట చెప్పవలెను. ఆ తల్లి నా కొరకు కాచుకొని ఉన్నది. ఆమె చెప్పవచ్చును. ఆమె చెప్పదు కదా!" డాక్టరమ్మ నవ్వింది. "నాకు పని ఉన్నది, అయినను నీ కొరకు ఆగెదను అని దాని అర్థము."

తాయమ్మ ఆలోచించింది. "సెప్పినాక ఏం సెయ్యాలమ్మా?"

"ఏమియు చేయకూడదు. అదియే కష్టము. తలుపు వైపు చూడకూడదు. గడియారము చూడకూడదు. వారి ముఖము చూడవలెను."

"ఎంతసేపు?"

"అది అడుగకూడదు" అంది డాక్టరమ్మ.

అప్పటినుంచి తాయమ్మ ఇంట్లో ప్రయత్నించింది. కొడుకు మాట దిగబడగానే కొంగు నోట్లో పెట్టుకునేది. ఒక్కోసారి గెలిచేది. ఎక్కువసార్లు కొంగు జారిపోయి మాట బయటపడేది. అప్పుడు రత్నం తల ఊపేవాడు.

అతనికి పెళ్లి చేయాలి. అక్కడే ఆమె దిగులంతా ఉంది. వాళ్ల పెళ్లిలో తాళి కడితే చాలదు. అందరూ వింటుండగా పెళ్లికొడుకు పిల్లను పేరు పెట్టి పిలిచి, నిన్ను భార్యగా స్వీకరిస్తున్నానని తన నోటితో చెప్పాలి. ఆ మాట మేనమామ చెప్పడానికి లేదు. తల్లి చెప్పడానికి లేదు. అందుకని సంబంధం తెచ్చినవాళ్లను తాయమ్మ మొదట పిల్ల పేరు అడిగేది. బేబమ్మ అంటే వద్దు. పుష్పమ్మ అంటే వద్దు. రాహేలు అసలే వద్దు.

"పిల్లను తెచ్చుకుంటావా, పేరును తెచ్చుకుంటావామ్మే?" అనేది కుప్పమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో."

రత్నానికి తెలుసు. విననట్టు ఎద్దుల మెడగంటలు తుడుచుకుంటూ ఉండేవాడు.

నగరి దగ్గర ఒక పల్లెలో దేవసహాయం అని మిషను బడిపంతులు. ఆయన కూతురు చిన్నమ్మణ్ణి అని సంబంధం వచ్చింది. 'చి' అక్షరానికి తాయమ్మ ఒప్పుకుంది. కొడుకును తీసుకుని పోయింది. చాప వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చినాక తెలిసింది, అది ఇంట్లో పిలిచే పేరని. బాప్తిస్మం పేరు రూతమ్మ. తాయమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

దేవసహాయం రత్నాన్ని ఏదో ఒకటి అడగడం, తాయమ్మ జవాబు చెప్పడం. బండి ఎవరిదంటే ఆమే చెప్పింది. చదువెంతంటే ఆమే చెప్పింది. పంతులు కళ్లద్దాల మీదుగా చూశాడు. గోడ పక్కన నిలబడిన రూతమ్మ కూడా చూసింది. నల్లగా, సన్నగా ఉంది. బెదురు లేదు.

"ఎద్దుల పేర్లేంది?" అంది.

నాయుడి ఎద్దులకు పేర్లు నాయుడే పెట్టాడు. రాముడు, బసవడు. కొట్టంలో నిలబడి పిలిచేటప్పుడు ఆ పేర్లు రత్నానికి ఎంత సులువో, ఈ చాప మీద కూర్చుని చెప్పడం అంత కష్టం.

"రా... రా..."

తాయమ్మ నోరు తెరిచింది.

"ఉండండత్తా" అంది రూతమ్మ. "ఆయన్ని అడిగినాను."

మాటలో కసురు లేదు. గోడకు ఆనుకుని నిలబడి, రత్నం మొహమే చూస్తూ ఉంది. వాకిట్లో కోడి ఒకటి లోపలికొచ్చి మళ్లీ బయటికి పోయింది. రత్నం "రాముడు" అన్నాడు. చెమట తుడుచుకుని, ఇంకా చాలాసేపటికి "బసవడు" అన్నాడు.

"వాటిల్లో యాది మంచిది?"

"రెండూ మంచియే" అన్నాడు రత్నం. ఇది గబుక్కున వచ్చింది. ఇద్దరూ నవ్వారు.

తిరుగు బస్సులో అతను కిటికీ వైపు చూస్తూ, "అమ్మా, ఆ పిల్లే" అన్నాడు.

"పేరు విన్నావా నాయనా?"

"విన్నాను."

ఆ పిల్ల చూసిన చూపు తాయమ్మ మనసులో తిరుగుతూ ఉంది. డాక్టరమ్మ చెప్పింది అదే చూపు. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

కానీ భయం పోలేదు. పెళ్లి దగ్గరపడే కొద్దీ ఆమెకు గుళ్లో నవ్వులే వినపడేవి. ఆదివారం ఆరాధన అయినాక, సైకిలు ఎక్కబోతున్న అయ్యగారి దగ్గరికి పోయి నిలబడింది. పెళ్లి జరిపించేది ఆయనే.

"అయ్యగారూ, మావోడి సంగతి మీకు తెలుసు. ఆ పొద్దు నోటితో సెప్పకుండా తల ఊపితే సాలదా?"

అయ్యగారు మెత్తని మనిషి. "చాలమ్మా. దేవుడికి తల ఊపినా తెలుస్తుంది" అన్నాడు.

ఈ సంగతి ఆమె కొడుక్కి చెప్పలేదు.

పెళ్లిరోజు గుడి నిండింది. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, చాపల మీద. తాయమ్మ ముందు వరసలో కూర్చుంది. రూతమ్మ నగరి నేత చీర కట్టుకుని, తల మీద ముసుగు వేసుకుని, చేతిలో పూలు పట్టుకుని నిలబడింది. రత్నం తెల్లపంచె, తెల్లచొక్కా. దేవసహాయం తరపు బంధువులు చాలామంది వచ్చారు. వాళ్లెవరికీ రత్నం నత్తి సంగతి తెలియదు.

అయ్యగారు పుస్తకం చూసి మొదటి మాటలు చెప్పాడు. రత్నం మళ్లీ చెప్పాలి. "నేను" అన్నాడు. బాగానే వచ్చింది. తరువాతిది పిల్ల పేరు.

"రూ..."

అక్కడ దిగబడింది.

మొదట గుడి నిశ్శబ్దంగా ఉంది. తరువాత వెనక వరసలో ఎవరో దగ్గారు. ఒక ఆడమనిషి ఇంకొకామె చెవిలో ఏదో అంది. మగవాళ్ల వైపు ఒక కుర్రాడి నవ్వు సగంలో ఆగింది. రత్నం మెడ నరం తాయమ్మకు చాప మీద నుంచే కనపడుతోంది. ఆ పేరు ఆమె నాలిక చివరికి వచ్చి నిలబడింది. కొంగు నోట్లో పెట్టుకుంది.

అయ్యగారు వంగి, "తల ఊపు నాయనా, చాలు" అన్నాడు మెల్లగా. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

రత్నం ఊపలేదు. అయ్యగారికి ఆ మాట ఎవరు నేర్పారో అతనికి తెలిసిపోయింది. తిరిగి తల్లి వైపు చూశాడు. కోపంగా చూడలేదు. గడపలో కూర్చుని "మళ్లా నువ్వే లాక్కుంటివి" అన్నప్పుడు ఎట్లా చూశాడో అట్లా చూశాడు.

తాయమ్మ కొంగు నోట్లోంచి తీసింది. పక్కనున్న కుప్పమ్మ, పేరు చెప్పేస్తుందేమోనని ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"రత్నం" అంది తాయమ్మ. "టేక్ యువర్ టైమ్."

గుళ్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆయా నోట ఇంగిలీసేమిటని కొందరు, అసలు ఏమందని కొందరు. ఆమె ఎవరినీ చూడలేదు. కొడుకు మొహం చూస్తూ కూర్చుంది. అయ్యగారికి ఇంగిలీసు వచ్చు. ఆయన పుస్తకంలో వేలు పెట్టి మూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నిలబడటం చూసి దగ్గేవాళ్లు దగ్గడం మానుకున్నారు. రూతమ్మ తల వంచుకునే ఉంది. అయితే ఆమె చేతిలో పూలు కదలడం లేదు. ఆమెకు తొందర లేదు.

బయట చింతచెట్టు కింద కట్టేసిన ఎద్దులు తల విదిలించాయి. మెడగంటలు మోగాయి. రత్నం భుజాలు కిందికి దిగడం తాయమ్మ చూసింది.

"రూతమ్మా" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నిన్ను నా భార్యగా సేసుకుంటా ఉండాను."

పుస్తకంలో ఉన్న మాటలు అవి కావు. అయ్యగారు దిద్దలేదు.

మోచెయ్యి పట్టుకున్న కుప్పమ్మ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. "ఏం మాటమ్మే అది? మా ఆయనకు కూడా నేర్పు" అంది గుసగుసగా. "ఏం సెయ్యాల ఆ మాట సెప్పి?"

"ఏమీ సెయ్యకూడదు" అంది తాయమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పెళ్లయిన కొద్దిరోజులకు ఒక ఉదయం. తాయమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, గడప వైపు తిరిగి కూర్చుని బియ్యం ఏరుతోంది. రత్నం రెండు చేతుల నిండా చెరుకు ఆకు పట్టుకుని కొట్టానికి పోతూ, గడప దగ్గర ఆగి లోపలికి చూశాడు.

"అమ్మా, పా... పా..."

తాయమ్మ చేట కింద పెట్టింది. మాట అందివ్వలేదు. కొంగు కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆ అవసరం ఇప్పుడు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అతని మొహం చూసింది. రత్నం గడ్డంతో ఎటో చూపించాడు. ఆమె అటు చూడలేదు. మొహమే చూడాలని డాక్టరమ్మ చెప్పింది కదా. నీళ్ల బిందెతో వచ్చిన రూతమ్మ మొగుడి భుజం మీదుగా లోపలికి చూసి, పెదవి బిగబట్టి నిలబడిపోయింది. ఆమె కూడా ఏమీ చెప్పలేదు.

"పా... పాలు పొంగిపోతా ఉండాయి" అన్నాడు రత్నం.

వెనకాల పొయ్యి సుయ్యిమంది. తాయమ్మ తిరిగి చూసింది. పాలు సగం బూడిదలో ఉన్నాయి. రూతమ్మ ఇక ఆపుకోలేక బిందె కింద పెట్టి నవ్వింది. చెరుకు ఆకు ఒళ్లంతా రాలుతున్నా రత్నం కూడా నవ్వుతూ నిలబడ్డాడు.

తాయమ్మ తాపీగా లేచి గిన్నె దించింది.

"పోతే పోనీలేరా" అంది. "మాటంతా నువ్వే సెప్పినావు."